ఆ కుండను కదపకండి

జేసీబీ ఒక్కసారిగా ఆగుతుంది. "అన్నా, ఏందో తగిలింది! జర ఇటు రా!" డ్రైవర్ కేక వినగానే మీరు గట్టు దిగి పరుగెత్తుతున్నారు. కరీంనగర్ వైపు పల్లెలో, మీరు చదును చేయిస్తున్న మీ సొంత చేను ఇది. బకెట్ పళ్లు గీరిన చోట, మూడడుగుల లోతున కుండ మూతి కనిపిస్తోంది. లోపల నలుపు, బయట ఎరుపు. ఒక పక్క పగిలింది. పగుల్లోంచి బూడిదరంగు బిళ్లలు జారుతున్నాయి.

ఒకటి చేతిలోకి తీసుకుంటారు. చిన్నదే, కానీ బరువు. సీసం. బొటనవేలితో మట్టి తుడిస్తే ఏనుగు తొండం తేలుతుంది. వెనక్కి తిప్పితే కూడలిలా కలిసిన నాలుగు వృత్తాలు. శాతవాహనుల నాణెం. దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది.

అప్పుడే జనం పోగవుతున్నారు. మీ చెవి దగ్గర ఎవరో గొణుగుతున్నారు. "రాత్రికి నాకియ్యి అన్నా. పైసలు తెస్త. ఎవలికీ తెల్వదు."

పొద్దు వాలుతోంది. తోపులాట మొదలైంది. ఒక చెయ్యి కుండలోకి పోతోంది. ఇంకొకటి. ఆపండి. గట్టిగా అరవండి. అడ్డం నిలబడండి.

డ్రైవర్ మీ ముఖంలోకి చూస్తున్నాడు. అతనికి చెప్పండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే దొరికినవాడికి ఏడాది దాకా జైలు. అందుకు తోడ్పడితే పొలం యజమానికి ఆరు నెలల దాకా. అలా తెలిపాక, హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడొంతులు, మీకు ఒక వంతు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది.

డ్రైవర్ కిందికి దూకి మీ పక్కన నిలబడతాడు. గుంపు వెనక్కి తగ్గుతోంది.

ఇప్పుడు ఫోన్ తీయండి. కుండ పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. మట్టి పొరలు కనపడేలా ఒకటి, చేనంతా వచ్చేలా ఇంకొకటి. లొకేషన్ సేవ్ చేయండి. జారిన బిళ్లల్ని అలాగే కవర్లో వేయండి. చింతపండుతో తోమితే అక్షరాలు అరిగిపోతాయి.

సీసం బిళ్లలకు ఇంత హడావుడి ఎందుకా? గోదావరి ఒడ్డున కోటిలింగాలలో సిముకుడి పేరున్న నాణేలు దొరికాయి. శాతవాహన మూలపురుషుడిగా పురాణాలు చెప్పే రాజు అతను. దొరికిన ఊరు తెలిసింది కాబట్టే తొలి శాతవాహనుల చర్చలోకి తెలంగాణ వచ్చింది. బ్రోకర్ సంచిలోకి వెళ్లిన నాణేనికి ఊరుండదు, పొర ఉండదు, తోడున్న కుండా ఉండదు.

కాగితం తీసి రాయండి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన. చట్టం అడిగేది ఇవే, చరిత్రకు కావలసిందీ ఇవే. డ్రైవర్‌తో సంతకం పెట్టించండి. కుండకు నమ్మకస్తుణ్ని కాపలా పెట్టి, మీరు కలెక్టరేట్‌కు బయల్దేరండి.