గాలి, ఎండ, ఒక కొండ... విశాఖ నుంచి చూస్తే గ్రీన్‌కో కథ

వైజాగ్ వన్‌టౌన్ వైపు డాబా మీద బట్టలారేసిన వాళ్ళకి ఎనర్జీ గురించి లెక్చర్లు అక్కర్లేదు. సాయంత్రానికి తెల్ల చొక్కా మీద నల్లటి పొడే అన్నీ చెప్పేస్తుంది. పోర్టు 1933లో మొదలైంది, 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. స్టీల్ ప్లాంట్‌కి 1971లో శంకుస్థాపన జరిగితే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలగడానికి 1990 దాకా పట్టింది. ఆ తర్వాత పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ (2002 నుంచి). మన ఊరి చరిత్ర సగం బొగ్గు చరిత్రే.

ఆ బొగ్గుకి బదులు ఏదైనా చూపిస్తామని బయల్దేరిన ఇద్దరు తెలుగువాళ్ళ గురించి ఈ టపా. చలమలశెట్టి అనిల్ కుమార్, కొల్లి మహేష్. వాళ్ళ కంపెనీ గ్రీన్‌కో, ఆఫీసు హైదరాబాదులో. మన ఐటీ వాళ్ళకి సత్యం, ఇన్ఫోసిస్ కథలు కంఠతా వచ్చు. ఈ కథ మాత్రం చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళు కూడా "ఎవరో సోలార్ వాళ్ళట కదా" అని ఊరుకుంటారు.

మొదలెట్టింది సోలార్‌తో కాదు, ఊకతో! 2000ల మధ్యలో ఊక, పంట వ్యర్థాలు తగలబెట్టి కరెంటు తీసే బయోమాస్ ప్లాంట్లు ఆరేసి, ఎనిమిదేసి మెగావాట్లవి దక్షిణాదిలో చాలా ఉండేవి. క్యోటో ఒప్పందం 2005లో అమల్లోకి రావడంతో వీటికి కార్బన్ క్రెడిట్ల రూపంలో ఇంకో ఆదాయం దొరికింది. ఇక్కడ మిగిల్చిన పొగకి యూరప్ వాడు డబ్బులిస్తాడన్నమాట. అనిల్, మహేష్ అలాంటి చిన్న ప్లాంట్లు కూడగట్టి, 2007 నవంబర్లో కంపెనీని లండన్ ఎయిమ్ మార్కెట్లో లిస్ట్ చేశారు. ఆరు మెగావాట్ల ఊక ప్లాంటుకి మన బ్యాంకు మేనేజరు ఎన్ని ష్యూరిటీలు అడిగేవాడో ఊహించుకోండి. లండన్లో ఆ ప్రశ్న వేరే రకంగా అడిగారు.

అయితే ఊకకి ఒక చిక్కుంది. ప్లాంట్లు పెరిగేకొద్దీ ఊకకి గిరాకీ పెరిగి, రైతు దగ్గర ఉత్తపుణ్యానికి దొరికేది కాస్తా టన్నుకింతని రేటు పలకడం మొదలైంది. కార్బన్ క్రెడిట్ల ధరలు 2012 నాటికి కుప్పకూలాయి. అంటే ఖర్చులు పెరిగాయి, రెండో ఆదాయం పోయింది. ఇంధనం కొనక్కర్లేనివి చిన్న జలవిద్యుత్తు, గాలి, తర్వాత ఎండ. కంపెనీ అటు తిరిగింది. ఇది ఆదర్శమా, లెక్కా అంటే నేను లెక్క అనే అంటాను. లెక్క కుదిరింది కాబట్టే ఆదర్శం నిలబడింది.

ఇక వీళ్ళ అసలు ప్రతిభ ఎక్కడుందంటే, డబ్బు ఎవరి దగ్గర తేవాలో తెలియడంలో. గాలిమరకి ఖర్చంతా మొదటి రోజే, ఆదాయం పాతికేళ్ళు చుక్కచుక్కగా. అలాంటిదానికి మూడేళ్ళలో లాభం తీసుకుని పోయే షేర్ మార్కెట్ డబ్బు పనికిరాదు, ముప్ఫై ఏళ్ళు ఓపిక పట్టే డబ్బు కావాలి. సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీ 2013లో వచ్చింది. 2015లో లండన్ కంపెనీ తన భారత వ్యాపారాన్నంతా జీఐసీకి అమ్మేసి, వాటాదారులకి డబ్బు పంచేసి మార్కెట్ నుంచి తప్పుకుంది. వ్యవస్థాపకులు మాత్రం వాటాతో సహా కంపెనీలోనే ఉండిపోయారు. 2016లో అబుదాబి నిధి అడియా చేరింది. అమెరికాలో సన్ఎడిసన్ దివాలా తీస్తే, దాని భారత ప్రాజెక్టుల్ని అదే ఏడాది వీళ్ళు కొన్నారు. 2017లో వంద కోట్ల డాలర్ల గ్రీన్ బాండ్లు అమ్మారు. లిస్ట్ అవడమే గొప్ప అనుకునే మనకి, డీలిస్ట్ అయ్యాక పెరిగిన కంపెనీ కొంచెం వింతే.

ఇక్కడి దాకా వింటే అంతా గెలుపే అనిపిస్తుంది. కాదు. 2017లో సోలార్ వేలాల్లో రేటు యూనిట్‌కి 2.44 రూపాయలకి, గాలిది 2.43కి పడిపోయింది. అంతకుముందు ఆంధ్రలో గాలి కరెంటుకి పాతికేళ్ళ ఒప్పందాలు 4.84 దాకా ఉన్నాయి. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ పాత ఒప్పందాల్ని తిరగదోడడానికి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకెళ్ళాయి. తేలేదాకా 2.43, 2.44 చొప్పునే ఇవ్వమని కోర్టు మధ్యంతరంగా చెప్పింది. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందం ప్రకారం పూర్తి రేటు కట్టాల్సిందేనని తీర్పిచ్చింది. ఆంధ్రలో ఎక్కువ ప్లాంట్లున్న గ్రీన్‌కోకి ఆ మూడేళ్ళు చిన్న దెబ్బ కాదు.

ఎవరిది న్యాయం? సంతకం పెట్టాక రేటు మారిస్తే రేపు ఎవడూ పెట్టుబడి పెట్టడు, నిజమే. కానీ ఆ 4.84 కట్టేది ఎవరు? డిస్కం పేరు మీద మనమే, కరెంటు బిల్లు కట్టే జనమే. ధరలు ఏటా పడిపోతున్న సరుకుకి పాతికేళ్ళ ఫిక్స్‌డ్ రేటు రాసిన తప్పుని కంపెనీ మీద తోసెయ్యలేం, అలాగని జనం మీద రుద్దీ ఊరుకోలేం.

ఈ గొడవ నడుస్తుండగానే వీళ్ళు పెద్ద పందెం కాశారు. ఎండ మధ్యాహ్నం ఉంటుంది, మనకి కరెంటు ఎక్కువ కావాల్సింది సాయంత్రం ఏడుకి. మన భాషలో చెప్పాలంటే ప్రొడ్యూసర్, కన్స్యూమర్ వేర్వేరు టైముల్లో నడుస్తున్నాయి, మధ్యలో ఒక క్యూ కావాలి. కరెంటుకి ఆ క్యూ ఏమిటంటే కొండ మీద చెరువు. మధ్యాహ్నం కింది చెరువులోంచి నీళ్ళు పైకి తోడి, సాయంత్రం టర్బైన్ల మీదుగా కిందికి వదలడం. లెక్క చూడండి: వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు నిండా నీళ్ళు వంద మీటర్లు పైకెక్కిస్తే అందులో దాగేది యూనిట్‌లో నాలుగో వంతు, అంతే! అందుకే ట్యాంకులు చాలవు, చెరువులు కావాలి. పోనూరానూ అరుగుదల పోగా వంద యూనిట్లకి 75, 80 తిరిగొస్తాయి.

ఇదేం కొత్త కాదు. నాగార్జునసాగర్లో, శ్రీశైలం ఎడమగట్టులో వెనక్కి తిప్పగల టర్బైన్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. కానీ అవి నది మీదవి, సాగునీటి గొడవలకి కట్టుబడినవి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో చేసింది నదికి దూరంగా రెండు చెరువులు కట్టి, గోరకల్లు రిజర్వాయరు నుంచి ఒకసారి నింపుకుని అవే నీళ్ళు తిప్పడం. ఆవిరైపోయినంత మటుకు మళ్ళీ పోసుకోవాలి. 1,680 మెగావాట్లు, ఆరు గంటలు. అంటే రోజుకి కోటి యూనిట్లు దాచుకోవచ్చు. 2020 జనవరిలో కేంద్రం పీక్ టైం కరెంటుకి వేలం పెడితే, ఈ పద్ధతి మీద నమ్మకంతో సాయంత్రం యూనిట్‌కి 6.12కి ఇస్తామని 900 మెగావాట్లు గెలిచారు. 2022 మేలో శంకుస్థాపన, 2025లో యూనిట్లు గ్రిడ్‌కి ఎక్కడం మొదలైంది.

అన్నట్టు, నీళ్ళతో ఆటకి రిస్కు కూడా అంతే. 2023 అక్టోబర్లో సిక్కింలో హిమానీనద సరస్సు తెగి, గ్రీన్‌కోకి వాటా ఉన్న తీస్తా-3 డ్యామ్‌ని తుడిచిపెట్టుకుపోయింది. క్లీన్ ఎనర్జీ అనగానే ప్రమాదం లేదనుకునేవాళ్ళు ఆ ఫోటోలు ఒకసారి చూడాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2022 మార్చిలో ఆర్సెలర్ మిట్టల్ ఒక ప్రకటన చేసింది. ఆంధ్రాలో గ్రీన్‌కోతో కలిసి 975 మెగావాట్ల ఎండ, గాలి ప్రాజెక్టు, దాదాపు 60 కోట్ల డాలర్లతో. పిన్నాపురం చెరువుల సాయంతో అందులోంచి 250 మెగావాట్లు రాత్రీపగలూ ఆగకుండా పాతికేళ్ళు ఇస్తారు. ఎవరికి? గుజరాత్ హజీరాలోని ఉక్కు ఫ్యాక్టరీకి!

మన ఎండ, మన గాలి, మన కొండ. ఉక్కు మాత్రం హజీరాలో. ఇందులో దొంగతనం ఏమీ లేదు, కొన్నవాడు కొన్నాడు. నా బాధ వేరే. విశాఖ ఉక్కు కూడా ఒకప్పుడు ఈ విషయంలో ముందుండేది. ఎర్రగా కాలిన కోకుని నీళ్ళు పోసి చల్లార్చకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో కరెంటు తీసే పద్ధతి మొదట్నుంచీ అక్కడుంది. ఆ ఇంజినీర్లకి తెలియని విద్య కాదు. కానీ సొంత గనుల్లేక, అప్పుల్లో కూరుకుని, 2021 జనవరిలో అమ్మకానికి నిర్ణయమైపోయి, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీతో ఊపిరి పీల్చుకున్న సంస్థ, పాతికేళ్ళ ఒప్పందం రాసే స్థితిలో ఉందా? క్లీన్ ఎనర్జీకి కావాల్సింది గాలో ఎండో కాదు, ఓపికున్న డబ్బు అని పైన చెప్పింది అందుకే.

ఇంకో సంగతి. కరెంటు మారినంత మాత్రాన బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోకు మారిపోదు. అక్కడ బొగ్గు ఇంధనమే కాదు, ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగేది కూడా అదే. దాని స్థానంలో హైడ్రోజన్ రావాలి. 2025 జనవరిలో పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. అనిల్, మహేష్‌ల ఇంకో కంపెనీ ఏఎమ్ గ్రీన్, కాకినాడలో పాత నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీ దగ్గర ఏడాదికి పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా కోసం 2024 ఆగస్టులో పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. అందులో ఎక్కువ భాగం ఎగుమతికేనట. 2025లో జపాన్ ఓరిక్స్ చేతిలో ఉన్న గ్రీన్‌కో వాటాలో చాలా భాగం సుమారు 128 కోట్ల డాలర్లకి వీళ్ళే కొనుక్కునేందుకు ఒప్పందం చేసుకున్నారు. ఊక ప్లాంట్లతో మొదలైనవాళ్ళు తమ కంపెనీకి తామే ఇన్వెస్టర్లయ్యారు. అప్పు తెచ్చి కొన్నదైతే రేపు వడ్డీ ఎవరి బిల్లులోకి వస్తుందో చూడాలి.

వాళ్ళని దేవుళ్ళని చెయ్యక్కర్లేదు, దొంగలని అనక్కర్లేదు. ఒక్కటి మాత్రం గమనించండి. శ్రీశైలంలో రివర్సిబుల్ టర్బైన్లు పెట్టిన ప్రభుత్వం, కోకు వేడితో కరెంటు తీసిన స్టీల్ ప్లాంట్... ఈ విద్య ముందు మన చేతుల్లోనే ఉండేది. ఇరవై ఏళ్ళు దాన్ని పట్టుకుని కూర్చోవడానికి కావాల్సిన డబ్బు సింగపూర్ నుంచి వచ్చింది. మన పీఎఫ్ డబ్బులకి, ఎల్ఐసీకి ఆ ఓపిక ఎందుకు లేకపోయిందో నాకైతే అర్థం కాదు. వన్‌టౌన్ డాబాల మీద చొక్కాలు తెల్లగా ఆరాలంటే ముందు ఆ ప్రశ్నకి జవాబు కావాలి.