వడ్డన - ప్రతిఫలం: ‘మేర’ నుండి ‘టిప్పు’ వరకు

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు’ అన్న సామెతను సాధారణంగా పక్షపాతానికి ఉదాహరణగా చెబుతారు. వడ్డనకు సంబంధించిన ఒక సామాజిక సత్యం కూడా ఇందులో నిక్షిప్తమై ఉంది. బంతిభోజనంలో గరిటె పట్టినవాడే అధికారి. విస్తరి ముందు కూర్చున్నవాడు అతని దయకోసం ఎదురుచూస్తాడు. పెళ్ళిపందిట్లో వడ్డించే బంధువు చేతిలో ఎవరూ డబ్బు పెట్టరు. పెట్టబోతే అది అవమానమవుతుంది. హోటలు బల్ల దగ్గర ఈ సంబంధం తలకిందులైంది. అక్కడ దయ చూపేవాడు తినేవాడు, ఎదురుచూసేవాడు వడ్డించేవాడు. ఈ మార్పును గుర్తించడానికి భోజనశాలల చరిత్రతోపాటు, ఇచ్చిపుచ్చుకోవడాలకు తెలుగులో ఏర్పడిన మాటల చరిత్రను కూడా పరిశీలించవలసి ఉంటుంది.

వెలకు అన్నం పెట్టే ఇళ్ళు తెలుగుదేశానికి కొత్తవి కావు. ఓరుగల్లు నగరజీవితాన్ని చిత్రించిన క్రీడాభిరామంలో పూటకూటి ఇంటి ప్రస్తావన ఉంది. (దాని కర్తృత్వం శ్రీనాథునిదా, వినుకొండ వల్లభరాయనిదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం.) లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే పదార్థాలను ఒక పద్యం వరుసగా పేర్కొంటుంది. గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపండ్లు, నంజుళ్ళు, పెరుగు అన్నీ ఆ రూకలోనే. వండిన చేతికి, వడ్డించిన చేతికి వేరే వెల లేదు. భోజనశాల గృహస్థుని ఇల్లే కావడంవల్ల శ్రమ, పదార్థం విడివడలేదు. సొమ్ము చెల్లించినా వచ్చినవాడు సగం అతిథిగానే మిగిలాడు.

1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటికి ఈ చిత్రం మారింది. గురజాడ సృష్టించిన పూటకూళ్ళమ్మకు పేరు లేదు. వృత్తే ఆమె పేరు. భర్త లేని స్త్రీకి గౌరవంగా బతకడానికి ఆ సమాజం మిగిల్చిన బహుకొద్ది మార్గాలలో అన్నం అమ్ముకోవడం ఒకటి. ఆ పని చేసినందుకే ఆమె నలుగురి నోళ్ళలో నానింది. ఆమె పెట్టిన తిండి తిని, ఆమె డబ్బు కాజేసిన గిరీశం మాత్రం ఊళ్ళో పెద్దమనిషి. ఆమె చీపురుకట్టతో వెతుక్కుంటూ వచ్చిన సన్నివేశానికి ప్రేక్షకులు నవ్వుతారు. కాని ఆమె అడుగుతున్నది తన సొమ్ము; బక్షీసు కాదు.

సేవకు ప్రతిఫలంగా ఇచ్చేవాటికి తెలుగులో రెండు తెగల మాటలున్నాయి. ‘మేర’, ‘ఆయం’ అన్నవి ఒక తెగ. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి వంటి గ్రామవృత్తులవారికి ముట్టవలసిన వాటా అది. ఆ వాటా కులవ్యవస్థలో భాగం. దానిని ఆదర్శంగా చూపడం సరికాదు. అయినా అది అడిగి తీసుకోదగినది, ఎగవేస్తే రచ్చబండకు ఎక్కదగినది. ‘ఈనాం’, ‘బక్షీసు’ రెండవ తెగకు చెందినవి. అరబ్బీ, పారసీక భాషల నుండి పరిపాలన ద్వారా వచ్చిన ఈ మాటలలో ఇచ్చేవాని ఇష్టానిదే ప్రాధాన్యం.

ఈ రెండింటికీ నడుమ నిలిచినది ‘మామూలు’. అరబ్బీ మూలాన్నిబట్టి దాని అర్థం ఆచరణలో ఉన్నది, వాడుకైనది అని. ఇష్టంతో ఇచ్చింది ఏటేటా సాగి ఆనవాయితీగా మారి, పుచ్చుకునేవానికి అర్ధహక్కు కావడాన్ని ఈ మాట చక్కగా పట్టుకుంది. దసరా మామూళ్ళు అటువంటివే. వీధిబడి పంతులు కూడా ఒకప్పుడు ఈ వరుసలోనివాడే. దసరాకు పిల్లలు గిలకలు పట్టుకొని ఇంటింటికీ తిరిగి పాడితే గృహస్థులు అయ్యవారికి ఇంత ముట్టజెప్పేవారు. ఉపాధ్యాయునికి నెలజీతం స్థిరపడిన తరువాత ఆ ఆచారం వేడుకగా మిగిలి, క్రమంగా కనుమరుగైంది. హోటలు పనివానికి అటువంటి పరిణామం సంపూర్ణంగా జరగలేదు. ‘మామూలు’ అనే మాటేమో చివరకు లంచానికి పర్యాయపదమై, తన పాత గౌరవాన్ని పోగొట్టుకుంది.

ఇరవయ్యో శతాబ్దంలో పట్టణాలలో వెలసిన ‘బ్రాహ్మణ హోటళ్ళ’లో పనివాని కులం భోజనానికి శుచిని సమకూర్చింది, పనివానికి మర్యాదను సమకూర్చలేదు. పుట్టుకచేత పూజ్యుడైనవాడు కూడా కాఫీ గ్లాసు అందించే క్షణంలో ‘ఒరేయ్’ అనిపించుకున్నాడు. బేరర్, సర్వరు, సప్లయరు అన్న మాటలు చేసే పనిని చెబుతాయి. ‘బాయ్’ అన్న పిలుపు మాత్రం నెరిసిన తల ఉన్నవానినీ కుర్రవానిని చేస్తుంది. ఎంగిలి బల్ల తుడిచే క్లీనరు పరిస్థితి ఇంకా కింద. బిల్లు పళ్ళెంలో మిగిల్చిన చిల్లర వడ్డించినవానికి చేరుతుంది. ఎంగిలి ఎత్తినవానికి చేరడం అరుదు. ‘ఎంగిలి’ అన్న భావన బక్షీసు పంపిణీని కూడా శాసించిందన్నమాట.

స్వాతంత్ర్యానంతరం న్యాయస్థానాలు ఈ చిల్లర స్వభావాన్ని నిర్ణయించవలసి వచ్చింది. జైపూరులోని రాంబాగ్ ప్యాలెస్ హోటలు వివాదంలో 1976లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాస్తూ, టిప్పు అతిథి పనివానికి ఇచ్చేదే తప్ప యజమాని ఇచ్చే వేతనం కాదన్నారు. 2016లో ఐ.టి.సి. కేసులో సుప్రీంకోర్టు ఆదాయపు పన్ను సందర్భంలో అదే దారిని అనుసరించింది. కార్డు ద్వారా చెల్లించిన టిప్పును యజమాని వసూలుచేసి పంచినా అది ‘జీతం’ కాదని, దానిపై యజమాని మూలంలో పన్ను కోయనక్కరలేదని తేల్చింది. ఈ తర్కం పనివానికి మేలే చేసింది. మరోవైపు, యజమాని నుండి దానిని హక్కుగా అడిగే వీలు లేదన్నదీ ఇందులోనే ఇమిడి ఉంది.

అమెరికాలో చట్టం మరో దారి తొక్కింది. 1966 నాటి సవరణతో యజమాని చెల్లించవలసిన కనీస వేతనంలో కొంత భాగాన్ని టిప్పులకింద మినహాయించుకునే అవకాశం కలిగింది. సమాఖ్య చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వవలసిన మొత్తం 1991 నుండి గంటకు 2.13 డాలర్ల వద్దే నిలిచిపోయింది. అక్కడ టిప్పు ఇవ్వకపోవడాన్ని పిసినారితనంగా కాక, కూలి ఎగ్గొట్టడంగా భావించడానికి మూలం ఇదే. భారతదేశంలో హోటళ్ళు బిల్లులో తమంతట తామే ‘సర్వీసు ఛార్జి’ చేర్చరాదని 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ వివాదమంతా వినియోగదారునికీ హోటలుకూ మధ్య సాగింది. వడ్డించేవాడు దానిలో కక్షిదారు కాడు.

ఇంగ్లీషులో టిప్పుకు మరో పేరు గ్రాట్యుటీ. ఉద్యోగ విరమణవేళ యజమాని దయతో ఇచ్చే సొమ్ముకూ అదే పేరు. ఆ రెండవ దానిని 1972 నాటి చట్టం దయ నుండి తప్పించి హక్కుగా మార్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే హోటలులో అయిదేళ్ళు నిండిన సర్వరుకు ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున అది లభిస్తుంది. ఆ లెక్కలో పళ్ళెంలోని చిల్లర చేరదు.