ఒకే గుర్తు కింద మూడు పార్టీలు

మన దగ్గర పొత్తు కుదిరినా ఎవరి గుర్తు వారిదే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో సైకిలు, గాజు గ్లాసు, కమలం తలో చోట పోటీకి దిగాయి కదా. నేనుంటున్న మలేసియాలో పద్ధతి వేరు. అభ్యర్థిది ఏ పార్టీ అయినా, సాధారణంగా బ్యాలెట్ మీద కూటమి గుర్తే ఉంటుంది. కూటమిని ఇక్కడ ‘గాబుంగాన్’ అంటారు.

ఈ పద్ధతికి మూలం ఒక మున్సిపల్ ఎన్నిక. 1946లో మలయ్‌ల కోసం ఉమ్నో పార్టీని స్థాపించిన ఓన్ జాఫర్, కొన్నేళ్లకు చైనీయులనూ భారతీయులనూ చేర్చుకుందామన్నారు. పార్టీ ససేమిరా అంది. 1951లో ఆయన బయటికొచ్చి అన్ని జాతులకూ కలిపి కొత్త పార్టీ పెట్టారు. మరుసటి ఏడాది కౌలాలంపూర్‌లో 12 స్థానాలకు ఎన్నిక జరిగితే దానికి దక్కినవి రెండే. ఉమ్నో, చైనీయుల ఎంసీఏ సీట్లు పంచుకుని తొమ్మిది పట్టుకుపోయాయి. అందరిదీ అనుకున్న పార్టీ ఓడింది. ఎవరికి వారుగా ఉంటూ లెక్క కుదుర్చుకున్నవాళ్లు గెలిచారు. ఆ తర్వాత దేశమంతా ఆ లెక్కే.

మొదట ఓన్ వెంట నడిచిన భారతీయుల పార్టీ ఎంఐసీ కూడా 1954లో ఈ గూటికే చేరింది. తమిళులే ఎక్కువగా ఉన్న ఆ పార్టీలో, పెరాక్ తోటల్లో చెమటోడ్చిన మన తెలుగువాళ్లూ ‘భారతీయుల’ ఖాతాలోకే వెళ్లారు. 1955లో ఓటర్లలో నూటికి ఎనభైకి పైగా మలయ్‌లే. అయినా కూటమి 17 చోట్ల ఇతర జాతులవారిని నిలబెట్టి, మొత్తం 52లో 51 గెలిచింది. నాకు ఈ దేశ చరిత్రలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే అంకె అదే.

1969 మే 13 జాతి అల్లర్ల తర్వాత ప్రధాని రజాక్ ప్రతిపక్షాలను కూడా కలుపుకుని బారిసాన్ నాసియోనాల్ అనే పెద్ద కూటమి కట్టారు. అది 2018 దాకా ఓడలేదు. ఓడిన నెలకే సరావాక్ రాష్ట్రంలోని పార్టీలు నాలుగు విడిపోయి సొంత గాబుంగాన్ పెట్టుకున్నాయి. 2022 ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాక, మరో కూటమి నాయకుడు అన్వర్ ఇబ్రహీం పాత శత్రువు ఉమ్నోతోనే ప్రభుత్వం ఏర్పాటు చేశారు.

అదే ఏడాది ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ఎంపీ పార్టీని వదిలితే సీటు పోతుంది. పార్టీకి పార్టీయే కూటమిని వదిలితే మాత్రం ఎవరి సీటూ పోదు.