ఒక్కడికే రంగు

జెద్దాలో ఉన్న రోజుల్లో శుక్రవారం సాయంత్రాలు సముద్రపు ఒడ్డున కార్నిష్‌కి వెళ్ళడం మాకు అలవాటు. అక్కడ సగం జనం మనవాళ్ళే కనిపిస్తారు. ఒక శుక్రవారం జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తమ్ముడు నా పక్కన కూర్చుని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

అందులో ఒక ఫోటో. క్యాంపులో ఒకే గదిలో ఉండే ఆరుగురు, వెనక ఎర్ర సముద్రం. ఐదుగురు మనుషులూ, సముద్రమూ, ఆకాశమూ నలుపు తెలుపు. మధ్యలో ఇతనొక్కడే పసుపుపచ్చ చొక్కాతో రంగుల్లో వెలిగిపోతున్నాడు. ఫోన్‌లో ఏదో యాప్‌తో చేసి ఇంటికి పంపాడట.

"మా బిడ్డ ఏమడిగిందో ఎరికేనా అన్నా? బాపూ, గీ మామలందరు సచ్చిపోయిన్రా అన్నది."

ఆ పిల్ల తప్పేం లేదు. మన ఇళ్ళల్లో గోడ మీద దండ వేసి ఉండే పాత ఫోటోలు చాలామటుకు నలుపు తెలుపే. రంగు బతికున్నవాళ్ళది, బూడిద పోయినవాళ్ళది అని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. వాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఇతను కొత్తగా వచ్చినప్పుడు, మొదటి జీతం అందేదాకా అన్నం పెట్టింది ఆయనే. ఆయన్ని కూడా తనే బూడిద చేశాడు. ఇప్పుడు అదే బాధ.

"వాళ్లకు మళ్ల రంగు తెప్పియ్యరాదు అన్నా. నీకు కంప్యూటర్ పని వస్తది గద."

అసలు ఫోటో ఏదని అడిగాను. పాత ఫోన్‌తో పాటే పోయిందన్నాడు. సరే చూద్దాం అన్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక అది చూసినంత తేలిక కాదని తెలిసింది.

రంగు ఫోటోని నలుపు తెలుపు చేసేటప్పుడు యంత్రం ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చూస్తుంది. మన కంటి తీరుని బట్టి ఎరుపుకి 30 పాళ్ళు, ఆకుపచ్చకి 59, నీలానికి 11 చొప్పున లెక్కగట్టి కలిపి ఒక్క సంఖ్య చేస్తుంది. ఆ సంఖ్యే బూడిద. మూడు సంఖ్యలు ఒకటైపోయాక మళ్ళీ మూడుగా విడదీయడం కుదరదు. నిండు మిరపపండు ఎరుపు, ముదురాకు పచ్చ ఈ లెక్కలో సరిగ్గా ఒకే బూడిద అయ్యే వీలుంది. బూడిదని చూసి అది మిరపపండా, ఆకా అని ఎవరూ చెప్పలేరు. తెలిసినవాళ్ళు గుర్తు తెచ్చుకుని చెప్పాల్సిందే.

ఆ రాత్రి నుంచి నాకు పాత ఫోటోల మీద ధ్యాస పట్టుకుంది. అప్పట్లో జెద్దాలో ఉన్న నాబోటివాడికి దానికో కారణం కూడా ఉంది. మక్కా అక్కడికి డెబ్భై, ఎనభై కిలోమీటర్లే. కానీ దారిలో పెద్ద బోర్డు ఉంటుంది, ముస్లింలు ఒకవైపు, మిగతావాళ్ళు ఇంకోవైపు వెళ్ళాలని. నేను ఆ రెండోవైపు మనిషిని. అంత దగ్గర్లో అన్నేళ్ళున్నా ఆ ఊరిని నేను చూసింది ఫోటోల్లోనే.

ఆ నేల మీదికి కెమెరా వచ్చింది 1861లో. తెచ్చినవాడు ముహమ్మద్ సాదిక్ అనే ఈజిప్టు సైనికాధికారి. పారిస్‌లో చదువుకున్న ఇంజనీరు. సర్వే పని మీద ఎర్ర సముద్రం ఒడ్డునున్న అల్ వజ్ నుంచి మదీనాకి వెళ్తూ కెమెరా కూడా పట్టుకెళ్ళాడు. మదీనాకి తొలి ఫోటోలు అవే. 1880లో ఈజిప్టు హజ్ బిడారుకి కోశాధికారిగా వెళ్ళినప్పుడు మక్కాకీ తొలి ఫోటోలు తీశాడు. వాటికి 1881లో వెనిస్ భూగోళశాస్త్ర సభలో బంగారు పతకం వచ్చింది.

1861 నాటి పద్ధతిలో గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు మందు పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి, ఆరేలోపే కడగాలి. ఎడారి ఎండలో, గుడారం చీకట్లో ఆ పని చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ మందుకి ఇంకో గుణం ఉంది. దానికి నీలం బాగా కనిపిస్తుంది, ఎరుపు దాదాపు కనిపించదు. అందుకే ఆ కాలపు ఫోటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, ఎర్రటివన్నీ నల్లబడిపోతాయి.

మక్కా ఫోటోకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. కాబా మీది గుడ్డ నలుపు, చుట్టూ యాత్రికుల బట్టలు తెలుపు. అసలు దృశ్యమే నలుపు తెలుపు. మదీనా అలా కాదు. అక్కడి మసీదు గుమ్మటానికి 1837లో ఆకుపచ్చ రంగు వేశారు. అప్పట్నుంచి లోకమంతా దాన్ని పచ్చ గుమ్మటమనే అంటుంది. సాదిక్ ఫోటోలో అది బూడిద. ఆ ఊరికి ఆనవాలైన ఒక్క రంగూ మొదటి ఫోటోలోనే పోయింది. తర్వాత అచ్చేసినవాళ్ళు దాన్ని తిరిగి పెట్టారు. హైదరాబాద్ పాతబస్తీలో పటాలమ్మే కొట్టు ముందు నిలబడితే తెలుస్తుంది, మిగతా బొమ్మ ఎంత వెలిసిపోయినా గుమ్మటం మాత్రం పచ్చగానే ఉంటుంది.

ఫోటోలకి చేత్తో రంగులద్దడం ఫోటో పుట్టిన కొద్ది కాలానికే, 1840ల్లోనే మొదలైంది. బుగ్గల మీద కాస్త గులాబీ, నగల మీద కాస్త బంగారం, మిగతాదంతా అలాగే. అంటే మన తమ్ముడి యాప్ చేసిన పని ఇంచుమించు 180 ఏళ్ళ పాతది. 1907లో లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండి రేణువులకి రంగులు వేసి గాజు పలక మీద పరిచి అసలైన రంగు ఫోటోని అమ్మకానికి తెచ్చినా, చేత్తో అద్దడం చాలాకాలం ఆగలేదు. అది చవక కావడం ఒక కారణం. ఎక్కడ రంగు పెట్టాలో మనిషే నిర్ణయించుకోవచ్చన్నది ఇంకో కారణం.

ఆ నిర్ణయం దగ్గరే నాకు చిక్కు కనిపించింది. రంగు, కుంచె లేకుండా కూడా ఒక్కరినే వెలిగించి మిగతావాళ్ళని బూడిద చేయొచ్చు.

1884లో స్నూక్ హుర్‌ఖ్రోన్యే అనే డచ్చి పండితుడు జెద్దాలో దిగాడు. అబ్దుల్ గఫార్ అని పేరు పెట్టుకుని 1885లో మక్కా వెళ్ళి కొన్ని నెలలు ఉన్నాడు. అక్కడ అదే పేరుగల ఒక స్థానిక వైద్యుడితో స్నేహమైంది. ఆ వైద్యుడికి ఫోటో విద్య మీద మక్కువ. ఆగస్టులో స్నూక్ ఊరు విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ వైద్యుడే హజ్ జనాన్నీ, మక్కా పెద్దలనీ, దూరదేశాల యాత్రికులనీ ఫోటోలు తీసి హాలెండుకి పంపాడు. పలకల మీద అందమైన అరబ్బీ రాతలో సంతకం కూడా పెట్టాడు. 1889లో స్నూక్ ఆ ఫోటోలని సంపుటిగా వేశాడు. అచ్చయ్యేసరికి ఆ సంతకాలు చెరిగిపోయాయి. సుమారు వందేళ్ళపాటు లోకం వాటిని స్నూక్ ఫోటోలనే అనుకుంది. సొంత ఊరిని ఫోటో తీసిన తొలి మక్కావాసిగా సయ్యద్ అబ్దుల్ గఫార్‌ని పరిశోధకులు గుర్తుపట్టి చెప్పింది ఈమధ్యనే.

రెండో సంగతి 1919 నాటిది. అంతకు మూడేళ్ళ ముందు, 1916 జూన్‌లో, మక్కాలో షరీఫ్ హుసేన్ తుర్కుల మీద తిరుగుబాటు లేవదీశాడు. హిజాజ్ అరబ్బులు వేలమంది పోరాడారు. లోవెల్ థామస్ అనే అమెరికన్ పత్రికాయన, హ్యారీ చేజ్ అనే ఫోటోగ్రాఫరూ ఆ యుద్ధపు ఫోటోలని రంగులద్దిన గాజు స్లైడ్లుగా చేసి, సినిమా రీళ్ళు కలిపి 1919 ఆగస్టులో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ప్రదర్శించారు. జనం విరగబడ్డారు. వాళ్ళు ఇళ్ళకి గుర్తుపెట్టుకుని వెళ్ళింది ఒక్కడినే, తెల్లటి అరబ్బు బట్టల్లో ఉన్న లారెన్స్‌ని. ఒంటెల మీదున్న మిగతావాళ్ళు వెనక తెరలా మిగిలారు.

సినిమావాళ్ళు ఈ పనిని తెలిసి, అవసరానికి వాడారు. 1963లో మనకు పూర్తి రంగుల 'లవకుశ' వచ్చిన ఏడాదే జపాన్‌లో కురొసావా 'హై అండ్ లో' అనే నలుపు తెలుపు సినిమాలో ఒక్క గులాబీ రంగు పొగని చూపించాడు. 1993లో 'షిండ్లర్స్ లిస్ట్'లో ఒక పాప ఎర్రకోటు అంతే. వేలమంది చావులో ఒక్క పసిదాన్ని కంటికి ఆనించడానికి పెట్టిన రంగది. తర్వాత అది అందరి చేతికీ వచ్చింది. 1990లో ఫోటోషాప్, 1994లో అందులో పొరలు. కింద రంగు బొమ్మ, పైన నలుపు తెలుపు పొర, కావలసిన చోట పై పొరకి చిల్లు పెడితే కింది రంగు కనిపిస్తుంది. ఈ పద్ధతిలో అసలు బొమ్మ అడుగున పదిలంగా ఉంటుంది. ఇప్పుడు ఫోన్ తనే మనిషిని పోల్చుకుని ఒక్క నొక్కుతో మిగతాదంతా బూడిద చేసి భద్రం చేస్తుంది. అసలుది దాచుకోవాలని మనకే తోచాలి.

కంప్యూటర్‌కి వదిలేస్తే అదీ రంగులు వేస్తుంది. నేనూ ప్రయత్నించాను. పెద్దాయన చొక్కాకి నీలం వేసింది. బాగానే ఉంది, నమ్మేలా ఉంది. కానీ అది ఆయన చొక్కా కాదేమోనని అనుమానం. 1957 నాటి 'మాయాబజార్'ని 2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు కూడా ప్రతి చీరకీ, ప్రతి నగకీ ఎవరో కూర్చుని ఒక రంగు నిర్ణయించాలి కదా.

మరుసటి శుక్రవారం ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ళ క్యాంపుకి వెళ్ళాను. మంచాల మధ్య ట్రంకుపెట్టె మీద పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. ఒక్కొక్కడూ తన బట్టలు తను చెప్పాడు. ఒకడు పెట్టెలోంచి అదే చొక్కా తీసి చూపించాడు. పెద్దాయన మాత్రం అప్పటికే ఖరూజ్ కొట్టించుకుని శాశ్వతంగా ఊరెళ్ళిపోయాడు. ఆయన చొక్కా నీలమేనని ఇద్దరు, కాదని ఇద్దరు. చివరికి ఆర్మూరు దగ్గర వాళ్ళ ఊరికి ఫోన్ కలిపారు.

"గా అంగియా? నీలం గాదు బిడ్డా, చిలకపచ్చది. మా అల్లుడు పెండ్లిల పెట్టిండు."

నీలం తీసేసి చిలకపచ్చ వేశాను. కొలతగా చూస్తే రెండిటి కింద ఉన్న బూడిద ఒకటే. "ఆఁ, ఇప్పుడైండు మా పెద్దన్న" అన్నాడు తమ్ముడు.

సముద్రానికి కూడా వేయమంటారా అని అడిగాను. వద్దన్నారు. ఆ ఫోటో ఇప్పటికీ అలాగే ఉంది. వెనక బూడిద సముద్రం, ముందు రంగుల్లో ఆరుగురు.