నిండిన గొట్టము, నిద్రించు ఆదేశము

ముత్తుకూరు మండలము నేలటూరున 800 మెగావాట్ల యూనిట్లు గల శ్రీ దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రము కలదు. ఇట్టి కేంద్రములలో బొగ్గు ఒక బెల్టునుండి మరొక బెల్టుమీదికి పడుచు బాయిలరు వైపు సాగును. ముందరి బెల్టు ఆగినచో వెనుకటిది కూడ వెంటనే ఆగవలెను. లేనిచో కూడలియొద్ద బొగ్గు గుట్టపడును. అనగా ప్రవాహమును శాసించునది పంపు బెల్టు కాదు, పుచ్చుకొను బెల్టు. కంప్యూటరునకు టైపుచేసి యిచ్చు ఆదేశముల చరిత్రలో ఈ నియమము ఒకసారి కనిపించి, మరుగునపడి, మరల వెలికివచ్చినది.

1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు డగ్లస్ మెకిల్రాయ్, తోటకు నీరు పెట్టు గొట్టములను బిగించినట్లు ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలింపవలెనని వ్రాసెను. ఆ కోరిక చాలకాలము కాగితముమీదనే యుండెను. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థలో ఆ 'పైపు'ను అమర్చెను. పని మాత్రము ఒక్క రాత్రిలో ముగిసినదందురు! పూర్వపు పైపులలో 4,096 బైట్లు పట్టెడివి. నేటి లినక్సులో సాధారణముగా 65,536 పట్టును. బైటనగా ఒక ఇంగ్లీషు అక్షరమునకు చాలు చోటు. పైపు నిండగానే వ్రాయు ప్రోగ్రాము నిద్రించును; చదువు ప్రోగ్రాము కొంత తోడుకొనగానే మేల్కొనును.

ఒక ప్రోగ్రామే మరొక ఆదేశమును నడిపించునప్పుడు చిక్కు పుట్టినది. ఆదేశము పూర్తిగా ముగిసిన పిమ్మటనే ఫలితమును చదువవలెనని ప్రోగ్రాము కూర్చున్నదనుకొందము. ఆదేశము లక్ష బైట్లు వ్రాయవలసియున్నది. 65,536 వద్ద పైపు నిండెను. ఇక చదువువారికై ఆదేశమును, ఆదేశము ముగియుటకై ప్రోగ్రామును ఎదురుచూచుచు రెండును నిలిచిపోవును. తప్పు జరిగినదన్న సూచనయైనను రాదు. చిన్న ఫలితములతో పరీక్షించినవారికి ఇది బయటపడదు. దీనికి వెరచి, వచ్చినదంతయు చదివి మెమరీలో పోగుచేయువారు కలరు. అప్పుడు గుట్ట మెమరీలో పడును.

2013లో నెట్‌ఫ్లిక్స్, పివోటల్, టైప్‌సేఫ్ సంస్థల ఇంజనీర్లు ఈ విషయమునకు పూనుకొనిరి. 2015 ఏప్రిలులో 'రియాక్టివ్ స్ట్రీమ్స్' అను ప్రమాణము వెలువడి, 2017లో జావా 9లో చేరెను. ఇందు పుచ్చుకొను ప్రోగ్రాము తనకెన్ని కావలెనో ముందుగా అడుగును. పది పంక్తులు అడిగినచో పదికి మించి పంపరాదు. పాత పైపు నిండువరకు పుచ్చుకొని ఆపెడిది. ఇక్కడ అడుగనిదే పంపుటయే లేదు.

ఆదేశములకు దీనిని అన్వయించినప్పుడు జరుగునది చూడదగినది. అడుగుట ఆగినచో మధ్యవర్తి భాగము చదువుట మానును, పైపు నిండును, ఆదేశము నిద్రించును. కొత్త ప్రమాణమునకు 1973 నాటి పైపే ఆధారమైనది. అయితే ప్రతి ఆదేశమునకును ఫలితముల కొక పైపు, తప్పుల కొక పైపు ఉండును. రెంటిని వేరువేరు ప్రవాహములుగా ఏకకాలమున చదువవలెను. మొదటిదానినే చదువుచు రెండవదానిని మరచినచో, తప్పుల పైపు నిండిననాడు ఆదేశము మరల నిద్రించును.