ఇంటిపేరు ఉన్న బడులు

మన పెళ్ళి సంబంధాలలో పెద్దలు ఈనాటికీ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మీ ఇంటిపేరేమిటి?" 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ 342 మందిని డర్బన్ రేవులో దించింది. ఆ ఓడలోనూ, తరువాతి ఓడలలోనూ వచ్చినవారికి గుమాస్తాలు ఒక్కొక్క నంబరు ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు వ్రాసుకొన్నారు. ఇంటిపేరుకు ఆ పుస్తకంలో గడి లేదు. అది మన అవ్వల నోటనే నిలిచి మన వరకు వచ్చింది.

బడి పిల్లలను "హౌసులు"గా విభజించే పద్ధతిని గురించి వ్రాయవలసి వచ్చినపుడు మాకు మొదట తోచినది ఈ ఇంటిపేరే. హౌసు అంటే ఇల్లే గదా! మన బడులలో క్రీడల రోజున ఎర్ర హౌసు, పచ్చ హౌసు అని పరుగెత్తనివారు ఎవరు? ఇంగ్లండు వసతి పాఠశాలలలో అది నిజంగానే ఇల్లు. పిల్లలు ఒక ఉపాధ్యాయుని పెత్తనం క్రింద ఒకే కప్పు క్రింద నివసించేవారు. మనకు వచ్చేసరికి కప్పు పోయి రంగు మిగిలింది.

అమెరికాలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున కట్టించినవాడు ఎడ్వర్డ్ హార్క్‌నెస్. తండ్రి నుంచి వచ్చిన స్టాండర్డ్ ఆయిల్ ధనం ఆయనది. తాను చదివిన యేల్ విశ్వవిద్యాలయానికే ముందుగా ఇస్తానన్నాడు. అక్కడివారు తాత్సారం చేయగా 1928లో హార్వర్డుకు ఇచ్చాడు. హార్వర్డులో 1930లో డన్‌స్టర్, లోవెల్ హౌసులు తెరిచారు. యేల్‌వారు తరువాత మేలుకొన్నారు. అక్కడ 1933లో ఏడు ఇళ్ళు తెరుచుకొన్నాయి. వాటిని వారు కాలేజీలంటారు. ఒక్కొక్క దానికి భోజనశాల, గ్రంథాలయం, నడుమ ముంగిలి, డాలు గుర్తు ఉంటాయి. ఆటలలో అన్నిటినీ మించిన ఇంటికి టింగ్ కప్పు. ఇప్పుడు ఆ ఇళ్ళు 14.

ఆ మొదటి ఏడింటిలో ఒకదానికి జాన్ కాల్‌హూన్ పేరు పెట్టారు. ఆయన యేల్ పట్టభద్రుడు, దేశ ఉపాధ్యక్షుడు. బానిసత్వం చెడుగు కాదు, మేలేనని 1837లో సెనేటులో వాదించినవాడు కూడా. ఆ ఇంటి భోజనశాల కిటికీలో రంగు గాజు మీద ప్రత్తి మోస్తున్న బానిసల బొమ్మ ఉండేది. ఎనభై ఏళ్ళకు పైగా పిల్లలు ఆ బొమ్మ ఉన్నచోటనే అన్నం తిన్నారు. 2016 జూనులో అక్కడ పనిచేసే ఒక నల్లజాతి ఉద్యోగి చీపురు కర్రతో ఆ గాజును పగులగొట్టాడు. మొదట అతని ఉద్యోగం పోయింది, కేసు కూడా పెట్టారు. తరువాత కేసు విరమించి మరల పనిలోకి తీసుకొన్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పేరు మార్చేది లేదన్న యేల్, 2017లో ఆ ఇంటికి గ్రేస్ హాపర్ పేరు పెట్టింది. ఆమె యేల్‌లోనే 1934లో గణితంలో డాక్టరేటు పొందిన కంప్యూటరు శాస్త్రజ్ఞురాలు, నౌకాదళ అధికారిణి.

చరిత్ర పుస్తకాలు చేయలేని పనిని ఆ చీపురు కర్ర చేసిందని మా నమ్మకం.

2016లోనే రెండు విశ్వవిద్యాలయాలూ ఇంటి పెద్దను "మాస్టర్" అనడం మానుకొన్నాయి. అది లాటిన్ నుంచి వచ్చిన మాట, గురువనే అర్థం అని కొందరు వాదించారు. మన వాడుకలో కూడా "మాస్టారు" గౌరవ పదమే. మమ్మల్ని పిల్లలు అలా పిలిస్తే సంతోషమే. కాని చెరకు తోటలో మాస్టర్ అంటే ఎవరో మన పెద్దలకు తెలుసు. చెవి ఎవరిదన్న దానిని బట్టి మాటకు అర్థం ఉంటుంది.

లోపలి గది పేరు మారింది గాని బయటి ఇంటిపేరు మారలేదు. ఆ యేల్ ఎవరు? ఎలిహూ యేల్ 1672లో కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చి, 1687 నుంచి 1692 వరకు సెయింట్ జార్జ్ కోటకు అధిపతిగా ఉన్నాడు. తెలుగు నాయకుడైన దామర్ల వెంకటాద్రి 1639లో ఇచ్చిన స్థలంలో కట్టిన కోట అది. యేల్ ఏలిన రోజులలో అక్కడి నుంచి బానిసలను ఓడలలో ఎగుమతి చేశారు. 1718లో ఆయన అమెరికాలోని ఒక చిన్న కళాశాలకు తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం ఒకటి పంపాడు. సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. కళాశాలకు ఆయన పేరు పెట్టారు. మన తాతలు ఓడ ఎక్కిన రేవుకూ ఆ గొప్ప పేరుకూ ఇంత దగ్గర చుట్టరికం ఉన్నదని మాకు చాలాకాలం తెలియదు.

ఇందుకు వేరైన పద్ధతి అట్లాంటాలో ఉన్నది. 2007లో తెరిచిన రాన్ క్లార్క్ అకాడమీలో ఇళ్ళు నాలుగు. ఒక్కటీ మనిషి పేరు కాదు, నాలుగూ గుణాల పేర్లు. క్రొత్త పిల్లవాడు ఒక పెద్ద చక్రాన్ని త్రిప్పుతాడు. అది ఆగిన చోటు అతని ఇల్లు. అందులో ఒక ఇంటి పేరు ఇసిబిండి. అనువాదం ఎందుకు? మన పొరుగున వినిపించే జులూ మాట, ధైర్యమని అర్థం. మన తోటల ప్రక్క మాట సముద్రం దాటి అమెరికా బడికి ఇంటిపేరైంది!

ఇదంతా ఎందుకు వ్రాశామంటే, మా ఆదివారపు తెలుగు తరగతిలో పిల్లలను నాలుగు ఇళ్ళు చేయాలని నిశ్చయించాము. కృష్ణ, గోదావరి అని కొందరన్నారు. మన పిల్లలు ఆ నదులను చూడలేదు. మన అవ్వతాతలు పనిచేసిన తోటల పేర్లు పెడదామని ఒక పెద్దాయన అన్నారు. అవి దొరల పేర్లు గదా అని మరొక అమ్మ లేచారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. రిజిస్టరులో గడి దొరకని ఇంటిపేర్లే పెట్టవచ్చునని మాకు తోచింది గాని, నాలుగింటిని ఎంచితే మిగతావారు ఊరుకొంటారా?

చక్రం మాత్రం తయారైంది. నాలుగు రంగులు వేశాము. పేర్లు ఇంకా వ్రాయలేదు.