తాళం చెవి ఎవరి దగ్గర? మూక్‌నాయక్ నుంచి వర్డ్‌ప్రెస్ దాకా



ఈ మధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, మన వాడ చరిత్ర, మన పాటలు, పాత కరపత్రాలు ఒకచోట పెట్టాలి. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" చూడటానికి ఇది కంప్యూటర్ ప్రశ్న. కానీ దీనికి వందేళ్ల వెనుకటి జవాబు కూడా ఉంది. ముందు అది చెప్పుకుందాం.

1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ 2,500 రూపాయలు సాయం చేశారు. ఈ పత్రిక వస్తోందని ప్రకటన వేయమంటే, డబ్బులిస్తామన్నా 'కేసరి' ఒప్పుకోలేదు. ఉచితంగా వార్త రాయమని అడగలేదు, డబ్బుకు చోటు అడిగారు. ఆ చోటు కూడా దక్కలేదు. అదే ఏడాది అంబేద్కర్ చదువు కోసం మళ్లీ లండన్ వెళ్లారు. మూడేళ్లు తిరిగేసరికి పత్రిక ఆగిపోయింది.

ఆయన అక్కడితో ఆగలేదు. 1927లో 'బహిష్కృత భారత్', 1930లో 'జనతా', 1956లో 'ప్రబుద్ధ భారత్' వచ్చాయి. భారత్ భూషణ్ పేరుతో సొంత ప్రింటింగ్ ప్రెస్ కూడా నడిచింది. రాసే చేయి ఒక్కటే ఉంటే చాలదు, అచ్చు యంత్రం ఎవరిదన్నది కూడా తేలాలి. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చినా, కారంచేడు తర్వాత 1989లో 'నలుపు' పక్షపత్రిక వచ్చినా వాటి వెనుక ఉన్నది ఇదే ఎరుక.

ప్రతి పత్రికకూ నాలుగు సమస్యలు ఎదురయ్యాయి: డబ్బు, అచ్చు యంత్రం, పంపిణీ, నాయకుడు ఊళ్లో లేనప్పుడు నడిపే మనిషి. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. వెబ్‌సైట్ విషయంలోనూ ఇవే తిరిగొస్తాయి.

ఇక యంత్రం కథ.

1993 ఏప్రిల్ 30న సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను అందరి సొత్తుగా ప్రకటించింది. ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ పేజీ తయారు చేయాలంటే హెచ్‌టీఎంఎల్ చేత్తో రాయాలి. వంద పేజీల సైటులో పైన ఉన్న పేరు మార్చాలంటే వంద ఫైళ్లు దిద్దాలి. కంపోజిటర్ ఒక్కో సీసపు అక్షరాన్ని ఏరి పేర్చినట్టే. ఆ పని వచ్చినవాడే పెత్తందారు. రాసేవాళ్లు వాడి ఖాళీ సమయం కోసం ఎదురుచూడాలి.

ఈ ఎదురుచూపును తొలగించడానికి వచ్చిందే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా సీఎంఎస్. దాని కిటుకు చిన్నది. రాత ఒకచోట, రూపం ఒకచోట ఉంటాయి. మీ వ్యాసం డేటాబేస్‌లో ఉంటుంది. దాని వేషం 'థీమ్'లో ఉంటుంది. చదివేవాళ్లు లింకు నొక్కినప్పుడు రెండూ కలిసి పేజీ అవుతాయి. వేషం మారినా రాత చెక్కుచెదరదు.

ఈ వ్యవస్థలు పుట్టిన తీరు కూడా తెలుసుకోవాలి. బెల్జియంలో ఆంట్వెర్ప్ యూనివర్సిటీ విద్యార్థి డ్రీస్ బాయ్‌టార్ట్ హాస్టల్ మిత్రులు మాట్లాడుకోవడానికి ఒక సైటు కట్టాడు. దానికి డచ్ భాషలో 'పల్లె' అని అర్థమిచ్చే 'డోర్ప్' అన్న పేరు పెట్టబోయి, టైపింగ్ తప్పుతో 'డ్రాప్' అన్నాడు. అదే 2001లో 'ద్రుపల్' అయింది. 2005లో మాంబో అనే వ్యవస్థను రాస్తున్నవాళ్లు, దాని మీద హక్కు ఎవరిదన్న తగువులో బయటికొచ్చి 'జూమ్లా' పెట్టారు. స్వాహిలీ మాట నుంచి తీసుకున్న ఆ పేరుకు అర్థం 'అందరూ కలిసి'.

వర్డ్‌ప్రెస్ కథ మనకు ఇంకా దగ్గరిది. మిషెల్ వాల్‌ద్రిగి అనే ఆయన 'బీ2' అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ రాసి, కొన్నాళ్లకు కనిపించకుండా పోయాడు. దాన్ని వాడుకునేవాళ్లు దిక్కులేనివాళ్లయ్యారు. కానీ బీ2 జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. ఎవరైనా వాడొచ్చు, లోపల చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అలా మార్చినదాన్ని పంచితే ఇవే హక్కులు అవతలివాళ్లకీ ఇవ్వాలి. 2003 జనవరిలో అమెరికాలో 19 ఏళ్ల మాట్ ముల్లెన్‌వెగ్ దీన్ని ముందుకు తీసుకెళ్తే బాగుండునని రాశాడు. ఇంగ్లండ్ నుంచి మైక్ లిటిల్ 'నేనూ వస్తా' అన్నాడు. మే 27న వర్డ్‌ప్రెస్ తొలి విడుదల. ఈరోజు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. మాట్ పేరు అందరికీ తెలుసు. మైక్ లిటిల్ పేరు ఎంతమందికి తెలుసు? చరిత్ర ఎవరిని ముందు వరుసలో కూర్చోబెడుతుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

2004 మేలో ఇంకో మలుపు. అప్పటికి బాగా పేరున్న 'మూవబుల్ టైప్' తన మూడో వెర్షన్‌తో ఉచిత వాడకానికి హద్దులు పెట్టింది. వాడేవాళ్లు చాలామంది వర్డ్‌ప్రెస్‌కు తరలిపోయారు. యజమాని మనసు మారితే అద్దెకున్నవాడి బతుకు ఏమవుతుందో అప్పుడు వాళ్లకు అర్థమైంది. మన ఊరి పొలిమేరల్లో ఆ పాఠం ఎప్పటినుంచో ఉంది.

అద్దె కొంపల కథలు ఇంకా ఉన్నాయి. 1994లో మొదలైన జియోసిటీస్‌లో మనుషులు 'పేటలు' కట్టుకుని పేజీలు పెట్టుకున్నారు. యాహూ కొనుక్కుంది, 2009లో మూసేసింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. ఈ వ్యాసం మీరు చదువుతున్న చోటు కూడా అద్దె కొంపే. ఇక్కడ మనుషులు దొరుకుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. దీన్ని అరుగు అనుకోండి. అరుగు మీద మాట్లాడొచ్చు, ఇంటి పత్రాలు అరుగు మీద దాచుకోం.

అలాగని వర్డ్‌ప్రెస్‌ను దేవుణ్ణి చేయకండి. 2024 సెప్టెంబరులో ముల్లెన్‌వెగ్‌కూ, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ తగువు వచ్చింది. ఆ కంపెనీకి వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ తలుపులు మూసేశారు. తగువుతో సంబంధం లేని ఖాతాదారుల సైట్లకు అప్‌డేట్లు అందడంలో చిక్కు వచ్చింది. డిసెంబరులో కోర్టు ఆదేశించాక తలుపులు తెరుచుకున్నాయి. స్వేచ్ఛ లైసెన్సు ఉన్నా ద్వారం దగ్గర ఒక్క మనిషి కూర్చోగలడని తేలింది. అయినా ఆ లైసెన్సే మనకు రక్ష. ఎందుకంటే రాతా, సాఫ్ట్‌వేరూ రెండూ మూటగట్టుకుని వేరే చోటికి వెళ్లే హక్కు దాని వల్లే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది ఎంచుకోవాలి?

రాయడం అలవాటు చేసుకోవాలంటే బ్లాగర్ చాలు. ఖర్చు లేదు. 1999లో పుట్టి, 2003లో గూగుల్ చేతికి వెళ్లింది. మొదటి తరం తెలుగు బ్లాగులు చాలావరకు అక్కడే పెరిగాయి. కానీ ఇల్లు గూగుల్‌ది.

పత్రికలాగా నలుగురు కలిసి రాయాలంటే వర్డ్‌ప్రెస్. ఇక్కడ ఒక తేడా తెలియాలి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఒక కంపెనీ సేవ, వాళ్ల చోట్లో మీరుంటారు. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని మీరు అద్దెకు తీసుకున్న సర్వర్‌లో పెట్టుకోవాలి. మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఫొటోలు, కరపత్రాలు, పెద్దవాళ్ల మాటల రికార్డింగులు భద్రపరచడమే ప్రధానమైతే 'ఒమెకా' చూడండి. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ చరిత్రకారులు చేసింది. ప్రతి వస్తువుకూ ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది అన్న గడులు ముందే ఉంటాయి. ద్రుపల్ చాలా బలమైనదే కానీ మొదటి మెట్టే ఎత్తుగా ఉంటుంది. జూమ్లా ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

ఏది ఎంచుకున్నా ముందు ఈ నాలుగూ అడగండి. రాసిందంతా ఒక్కసారిగా బయటికి తీసుకోగలమా? డొమైన్ పేరు ఎవరి పేరు మీద రిజిస్టర్ అయింది? బ్యాకప్ ఎక్కడుంది? పాస్‌వర్డు ఉన్న మనిషి రేపు లేకపోతే ఎవరు నడుపుతారు? సైటు కట్టించిన కుర్రాడి పేరు మీదే డొమైన్ ఉంటే, ఆ కుర్రాడు ఎంత మంచివాడైనా ఆ సైటు సంఘానిది కాదు.

నేర్చుకునే వరస చెప్తాను. మొదటి వారం కంప్యూటర్ ముట్టొద్దు. ఒక నోటుపుస్తకంలో ఇరవై వస్తువుల జాబితా రాయండి: పేరు, ఏడాది, ఊరు, ఎవరిచ్చారు, అనుమతి ఉందా. రెండో వారం సొంత కంప్యూటర్‌లోనే వర్డ్‌ప్రెస్ పెట్టుకుని పాడుచేయండి, మళ్లీ పెట్టుకోండి. మూడో వారం 'పోస్టు'కూ 'పేజీ'కీ తేడా పట్టుకోండి. తేదీ వరసలో వచ్చేది పోస్టు, ఎప్పుడూ నిలిచి ఉండేది పేజీ. నాలుగో వారం బ్యాకప్ తీసి, దాన్ని మరో చోట తిరిగి నిలబెట్టండి. నిలబెట్టి చూడని బ్యాకప్‌ను నమ్మొద్దు.

తెలుగువాళ్లకు రెండు అదనపు చిక్కులున్నాయి. పాత డీటీపీ ఫైళ్లు అను లాంటి ఫాంట్లలో ఉంటాయి. అవి పైకి తెలుగులా కనిపించినా లోపల తెలుగు సంకేతాలు కావు. యూనికోడ్‌లోకి మార్చకపోతే వెతికితే దొరకవు. రెండోది లింకులు. లింకులో ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. 'కారంచేడు' అన్న ఒక్క మాటే 72 గుర్తులు. వర్డ్‌ప్రెస్ ఆ భాగానికి ఇచ్చేది 200. పొడుగు శీర్షిక మధ్యలోనే తెగిపోతుంది. కాబట్టి శీర్షిక తెలుగులో పెట్టి, లింకు మాత్రం పొట్టిగా మీరే రాసుకోండి.

వర్డ్‌ప్రెస్‌లో అయిదు పాత్రలుంటాయి: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. నిచ్చెన మెట్లు చూడగానే మనకు ఒళ్లు మండుతుంది. కానీ ఈ మెట్లు పుట్టుకతో రావు, ఏడాదికోసారి మార్చుకోవచ్చు. మార్చుకోండి. అడ్మిన్ తాళం ఎప్పుడూ ఇద్దరి దగ్గరుండాలి, వాళ్లలో ఒకరు ఆడమనిషి కావాలి. వాడల్లో జ్ఞాపకం ఎక్కువగా మోస్తున్నది వాళ్లే.

చివరగా ఒక హెచ్చరిక. దాడి కేసుల కాగితాలు సైటులో పెట్టేముందు ఆగండి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితుల, సాక్షుల హక్కులకు ఒక అధ్యాయమే కేటాయించింది. ఆ సాక్షి ఇంకా ఆ ఊళ్లోనే కూలికి వెళ్తూ ఉండొచ్చు. అనుమతి వచ్చేదాకా 'డ్రాఫ్ట్'లోనే ఉంచండి. 'పబ్లిష్' మీట నొక్కడం ఒక్క క్షణం పని. వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

కారంచేడు జరిగి నలభై ఏళ్లు దాటింది. ఆ రోజుల్లో చేతులు మారిన కరపత్రాలు ట్రంకు పెట్టెల్లో పొడి అవుతున్నాయి. వాటిని చదివి వినిపించగల పెద్దవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. మొదటి ఇరవై వస్తువుల జాబితా ఈ ఆదివారమే మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ ఆగుతుంది, వాళ్లు ఆగరు.

జై భీమ్.